వేళలు సడలితే పని చెడుతుందా?

2025 రంజాన్ నెలలో, మార్చి 2 నుంచి 31 వరకు, తెలంగాణలోని ముస్లిం ప్రభుత్వోద్యోగులు సాయంత్రం 4 గంటలకే, అంటే గంట ముందుగా, ఇళ్లకు వెళ్లడానికి ప్రభుత్వం అనుమతించింది. అత్యవసర విధులుంటే మాత్రం ఆగాలని షరతు పెట్టింది. రంజాన్‌లో ఇటువంటి వెసులుబాటు మన కుటుంబాలకు తెలిసినదే. అయితే పని వేళల సడలింపు ఒక నెలకో, ఒక వర్గానికో పరిమితమైన విషయం కాదు. ఏడాది పొడవునా, ఉద్యోగులందరికీ ఏదో ఒక రూపంలో అది లభిస్తే పని చెడుతుందా, మెరుగుపడుతుందా?

కళ్లెదుట లేనివాడు పని ఎగ్గొడతాడన్నది చాలామంది యజమానుల అనుమానం. దీనికి జవాబు వెతకడానికి చైనాలో ఒక ప్రయోగం జరిగింది. సీట్రిప్ అనే ప్రయాణ సేవల సంస్థ 2010 చివరలో, ఇంటి నుంచి పనిచేస్తామన్న తన కాల్ సెంటర్ ఉద్యోగులను పుట్టిన తేదీ సరి సంఖ్యా, బేసి సంఖ్యా అన్నదాన్ని బట్టి రెండు జట్లు చేసింది. ఒక జట్టు వారానికి 4 రోజులు ఇంటి నుంచి, రెండో జట్టు ఆఫీసు నుంచి 9 నెలలు పనిచేశాయి. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు లెక్కలు తీయగా ఇంటి జట్టు పనితీరు 13 శాతం పెరిగినట్లు తేలింది. విరామాలు, అనారోగ్య సెలవులు తగ్గడమే అందుకు ప్రధాన కారణం. ఉద్యోగం మానేసేవారి సంఖ్య సగానికి తగ్గింది.

కాని నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. సమానంగా పనిచేసినా ఇంటి జట్టువారికి పదోన్నతులు తక్కువగా దక్కాయి. ఒంటరితనం భరించలేక చాలామంది తిరిగి ఆఫీసుకే వచ్చారు.

అదే సంస్థ 2021-22లో 1,612 మందితో మరో ప్రయోగం చేసింది. ఈసారి ఒక జట్టుకు వారంలో 2 రోజులు మాత్రమే ఇంటి నుంచి పనిచేసే వీలు కల్పించారు. ఆ జట్టులో ఉద్యోగం మానేసేవారు మూడో వంతు తగ్గారు. తర్వాతి రెండేళ్ల పనితీరులో ఏ తేడా కనిపించలేదు. మహిళలకు, దూరం నుంచి వచ్చేవారికి ఎక్కువ మేలు జరిగింది.

మరి కొత్త ఆలోచనల మాటేమిటి? 2022లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, ఎదురెదురుగా కూర్చున్న జంటల కంటే వీడియోలో మాట్లాడుకున్న జంటలకు తక్కువ ఆలోచనలు తట్టాయి. చూపు తెరకే అతుక్కుపోవడం వల్ల ఊహ కూడా కుదించుకుపోతుందని పరిశోధకుల వివరణ. అయితే వచ్చిన ఆలోచనల్లో మంచిదాన్ని ఎంచుకోవడంలో వీడియో జంటలు వెనుకబడలేదు. కనుక కొత్తది ఊహించడానికి కలిసి కూర్చోవాలి. ఊహించినదాన్ని పూర్తి చేయడానికి ఎవరి చోటు వారికి చాలు.

ఈ చర్చ మన ఇళ్లకు దూరమైనది కాదు. చదువుకుని ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలు మొదటి కాన్పు తర్వాత ఉద్యోగం వదిలేయడం మనం చూస్తూనే ఉన్నాం. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి తెచ్చిన సవరణ, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవుతోపాటు, ఆ తర్వాత పని స్వభావాన్ని బట్టి యజమానితో ఒప్పందం చేసుకుని ఇంటి నుంచి పనిచేసే వీలునూ కల్పించింది. ఈ సంగతి ఎన్ని కుటుంబాలకు తెలుసు? రాజీనామా రాసే ముందు ఆ మాట అడిగి చూడాలి.

ఇంకొక హెచ్చరిక కూడా అవసరం. హైదరాబాద్ పాతబస్తీలో ఎందరో మహిళలు ఎప్పటినుంచో ఇంట్లోనే జర్దోజీ పని చేస్తున్నారు, అగరుబత్తీలు చుడుతున్నారు. వారికి అందేది లెక్కకు ఇంతని కట్టిచ్చే కూలి మాత్రమే. సెలవు లేదు, పింఛను లేదు. హక్కులు లేని ఇంటి పనిని వెసులుబాటు అనలేం. అలాగే నర్సుకూ, బస్సు కండక్టరుకూ ఇంటి నుంచి పని కుదరదు. షిఫ్టు ముందే తెలియడం, అవసరమైతే తోటివారితో మార్చుకోగలగడం వారికి వెసులుబాటు.

వేళలు సడలించడం యజమాని చేసే దానం కాదు. మంచి పనివారిని నిలుపుకొనే తెలివైన పద్ధతి అని మేము భావిస్తున్నాం. నియమాలు ముందే రాసుకోవాలి. కలిసి కూర్చునే రోజులు నిర్ణయించుకోవాలి. కంటికి కనపడనంత మాత్రాన ఎవరి పదోన్నతీ ఆగకూడదు. అప్పుడు పనీ నిలుస్తుంది, ఇల్లూ నిలుస్తుంది.