దిండు కింది ఇనుము

పగలు బడిలో కుదురుగా కూర్చోడు, చెప్పింది చెవికెక్కదు, పెన్సిలు ఎక్కడ పెట్టాడో వాడికే తెలియదు. రాత్రి పక్కలో కాళ్లు తంతాడు, ఉండుండి పాదం విదిలిస్తాడు, తెల్లారేసరికి దుప్పటి నేలమీద ఉంటుంది. మన ఇళ్లలో ఈ పిల్లవాడికి రెండు తీర్పులు సిద్ధం: పగలు చేసేది పొగరు, రాత్రి జరిగేది గాలి. మొదటిదానికి బెత్తం, రెండోదానికి తాయెత్తు. ఒకే ఒంట్లో జరిగే ఈ రెంటికీ సంబంధం ఉందేమోనని అడిగేవాళ్లు తక్కువ.

పూర్వులను తప్పుపట్టి లాభం లేదు. సుశ్రుత సంహిత తొమ్మిది బాలగ్రహాల పేర్లు చెప్పింది. ఆనాటికి అందిన వివరణ అదే. 1672లో ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్, పడుకోగానే కాళ్లూ చేతులూ ఎగిరిపడి నిద్రకు దూరమైన రోగుల గురించి రాశాడు. 1945లో స్వీడన్ వైద్యుడు ఎక్బొమ్ ఈ కాళ్ల జబ్బును విడమరిచి చెప్పాడు. నిద్రను యంత్రాలతో కొలవడం వచ్చాక కదలికల తీరూ తెలిసింది. బొటనవేలు పైకి లేస్తుంది, చీలమండ వంగుతుంది, ఒక్కోసారి మోకాలు కూడా. ఒక్కో కదలిక అర సెకను నుంచి పది సెకన్లు. 5 నుంచి 90 సెకన్లలో మళ్లీ ఇంకొకటి. దయ్యమే అయితే గడియారం పెట్టుకుని వచ్చే దయ్యమన్నమాట.

పగటి సంగతికొస్తే, కుదురుగా కూర్చోలేకపోవడం, దృష్టి నిలవకపోవడం ఏడీహెచ్‌డీ లక్షణాలు కావచ్చు. అది ఉన్న పిల్లల్లో ఈ కదలికలు మిగతావాళ్లకంటే ఎక్కువ. కారణం పూర్తిగా తేలలేదు గానీ, రెండు చోట్లా డోపమైన్ అనే మెదడు రసాయనం మాట వస్తుంది. మెదడులో డోపమైన్ తయారయ్యే పనికి ఇనుము కావాలి. గాలి సోకకుండా పసిపిల్లల దిండు కింద ఇనుప ముక్క పెట్టే ఆచారం మనకుంది. వస్తువు సరైనదే, చోటే తప్పు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఇనుము నిల్వ అడుగంటి ఉండొచ్చు, అందుకే ఆ నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష చూడాలి. కాళ్లు ఇలా ఇబ్బంది పెట్టే పిల్లల్లో అది మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల కంటే తక్కువుంటే ఇనుము మందు గురించి డాక్టర్లు ఆలోచిస్తారు. పరీక్ష లేకుండా మందు పోయడం మాత్రం ఇంకో మూఢత్వం. ఇనుము ఎక్కువైనా ప్రమాదమే. ఇనుముతో ఏడీహెచ్‌డీ పోతుందనీ కాదు.

మరి తాయెత్తు కట్టాక తగ్గింది కదా అంటారు. తగ్గే ఉంటుంది. ఈ కదలికలు ఒక రాత్రి ఉన్నట్టు మరో రాత్రి ఉండవు. తల్లి భరించలేక మంత్రగాడి దగ్గరికి పరిగెత్తేది అన్నిటికంటే చెడ్డ వారంలో. ఆ తర్వాతి వారం ఏమీ చేయకపోయినా కాస్త నయంగానే ఉంటుంది. పైగా తాయెత్తు కట్టిన ధైర్యంతో ఆవిడ కూడా నిద్రపోతుంది, కాళ్లు లెక్కపెట్టేవాళ్లెవరు? మళ్లీ ఎక్కువైతే మైల తగిలిందంటాడు మంత్రగాడు. ఏ ఫలితం వచ్చినా ఓడిపోని వైద్యం అది.

చదువుకున్నవాళ్ల ఆచారం వేరు: మత్తుగా పడుకుంటాడని జలుబు మందు పోస్తారు. నిద్ర తెప్పించే కొన్ని జలుబు మందులు ఈ కాళ్ల బాధను పెంచుతాయి. సాయంత్రం కాస్త ఉపశమనం కోసం పిల్లవాడు కాళ్లూపితే, ఇంటికి దరిద్రమని అదిలిస్తారు.

అయితే రాత్రి కదలికలన్నీ ఈ కాళ్ల జబ్బే కావు: నిద్రలో నాలుక కొరుక్కున్నా, ఒళ్లంతా కొయ్యబారి కొట్టుకున్నా అది ఫిట్స్ కావచ్చు. అక్కడ ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. మంత్రంతో, తాయెత్తుతో ఫిట్స్ పోగొడతామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. చెవిలో చెప్పి అమ్మేవాడికి ప్రకటనతో పనేముంది?