చదువుతో నిలిచిన సత్రం

యాత్రికులకు అన్నంపెట్టి ఆదరించిన సత్రాలు మన ప్రాంతంలో శిథిలావస్థకు చేరుకుంటున్నాయి. రైళ్లు, బస్సులు వచ్చాక బాటసారులు తగ్గారు. అవసరం తీరిందంటూ కట్టడాలను గాలికి వదిలేశారు. బాటసారి లేనంతమాత్రాన సత్రానికి పని లేనట్లేనా? తమిళనాడులోని తంజావూరు జిల్లా ఒరత్తనాడు సత్రం దీనికి సమాధానం చెబుతోంది.

తంజావూరును 1798 నుంచి 1832 వరకు ఏలిన మరాఠా రాజు రెండో శరభోజి, తన ప్రియురాలు ముక్తాంబాళ్ స్మారకంగా రామేశ్వరం యాత్రికుల దారిలో దీనిని నిర్మించారు. కట్టడంలో ఒక భాగం రథాన్ని తలపిస్తుంది. పునాది గోడలపై చక్రాలు, లాగుతున్నట్లుగా గుర్రాలు, ఏనుగుల శిల్పాలు ఉన్నాయి. లోపల విశాలమైన ముంగిళ్లు, చెక్కడపు పని గల కొయ్య స్తంభాలు ఆకట్టుకుంటాయి.

1799 ఒప్పందంతో రాజ్యపాలన ఈస్టిండియా కంపెనీ పరమైంది. సత్రాలనైనా తన అధీనంలో ఉంచాలని కోరుతూ 1801లో శరభోజి బ్రిటిష్ రెసిడెంటుకు లేఖ రాశారు. కులభేదం లేకుండా బాటసారులందరికీ భోజనం, రోగులకు వైద్యం, అనాథ బాలలకు తిండితో పాటు చదువు సత్రాల ధర్మమని అందులో వివరించారు. ఒరత్తనాడులో పాఠశాలనూ నెలకొల్పారు. తెలుగు గ్రంథాలకు సరస్వతీ మహల్‌లో చోటిచ్చిన ఆ రాజు పాలనలో మన భాషకూ ఆదరణ దక్కింది.

యాత్రికుల రాక తగ్గినా ఈ సత్రం మూతపడలేదు. తర్వాతి కాలంలో ప్రభుత్వ పాఠశాల విద్యార్థులకు వసతిగృహమైంది. దాత సంకల్పంలో అన్నంతో పాటు అక్షరమూ ఉండటమే దీనికి కారణం.

మన సత్రాల దాతలూ భూములు రాసిచ్చింది ధర్మం కోసమే. 1987 నాటి దేవాదాయ, ధర్మాదాయ చట్టం సత్రాలకూ వర్తిస్తుంది. కాబట్టి దానపత్రాలను, భూముల వివరాలను ప్రజల ముందుంచాలి. కట్టడాల మరమ్మతుల్లోనూ జాగ్రత్త అవసరం. సున్నపు గోడలకు సిమెంటు పూస్తే చెమ్మ బయటకు పోక ఇటుక దెబ్బతింటుంది. సున్నంతోనే బాగుచేయించాలి. ఆపై పల్లెల నుంచి పట్టణానికి చదువుకోవడానికి వచ్చే పేద పిల్లలకు వసతి కల్పించవచ్చు. నేటి బాటసారులు వారే. ఆ తలుపులు వారికి తెరిస్తే దాతల ఆశయమూ, కట్టడమూ రెండూ నిలుస్తాయి.