ఆగే విమానమా? ఆగని విమానమా?

"ముప్పై వేలు కలిసొచ్చిందక్కా!" అని రెండేళ్ళ క్రితం మా చెల్లెలు డల్లాస్ నుంచి ఫోన్ చేస్తే నేనూ మురిసిపోయాను. మధ్యతరగతి ప్రాణం కదా! దాని పురిటికి అమ్మ వెళ్ళాలి. హైదరాబాద్ నుంచి గల్ఫ్ దాకా ఒక కంపెనీలో, అక్కణ్ణుంచి డల్లాస్‌కి ఇంకో కంపెనీలో, విడివిడిగా రెండు టికెట్లు కొన్నారు.

మొదటి విమానం ఆలస్యమైంది. అమ్మ దిగేసరికి రెండోది వెళ్ళిపోయింది. ఒకే టికెట్టయితే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత కంపెనీదే. విడి టికెట్లకి ఆ పూచీ ఉండదు. మా మరిది అర్ధరాత్రి కూర్చుని కొత్త టికెట్టు కొన్నాడు. మిగిలిన ముప్పై వేలూ పోయి, పైన ఇంకో అరవై వేలు వదిలింది.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఆర్నెల్ల తర్వాత ఆవిడ తిరిగొచ్చి, చిక్కుళ్ళు వొలుస్తూ నవ్వుతూ చెప్పింది అసలు సంగతి. ఆ ఎయిర్‌పోర్టులో తొమ్మిది గంటలు ఒక్క కుర్చీలోనే కూర్చుందిట. మంచినీళ్ళు ముట్టలేదుట. తాగితే బాత్‌రూమ్‌కి లేవాలి, లేస్తే సంచి ఎవరు చూస్తారు, ఈలోగా ఎవరైనా పిలిస్తే? షుగరున్న మనిషి, అరవై ఆరేళ్ళు! "ఎవర్నైనా అడగొచ్చుగదమ్మా" అంటే, "ఏ భాషలో అడగనే?" అంది.

ఇప్పుడు చెల్లెలికి రెండో కాన్పు. మళ్ళీ అమ్మ ప్రయాణం. "ఈసారి నాన్‌స్టాప్ తప్ప ఇంకోటి వద్దు. ఇక్కడ ఎక్కిస్తే అక్కడ దిగుతుంది" అన్నారు మావారు. వినడానికి బాగానే ఉంది. కానీ హైదరాబాద్ నుంచి అమెరికాకి ఆగకుండా వెళ్ళే విమానం ఏదీ? 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగోకి ఒకటి మొదలుపెట్టింది గానీ అది నాలుగు రోజుల ముచ్చటే అయింది. నాన్‌స్టాప్ కావాలంటే మనం ముందు ఢిల్లీకో ముంబైకో పోవాలి.

కాగితం మీద లెక్క వేశాను. హైదరాబాద్ నుంచి ఢిల్లీ ఒకటి. ఢిల్లీ నుంచి న్యూయార్క్ దాదాపు పదిహేను గంటలు. అక్కడ ఇమిగ్రేషన్ అయ్యాక పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించి, డల్లాస్ విమానం పట్టుకోవాలి. అంటే మూడు విమానాలు! గల్ఫ్ మీదుగా అయితే నాలుగు గంటలు ఒకటి, పదహారు గంటలు ఇంకోటి. రెండే. పెట్టెలు డల్లాస్‌లోనే తీసుకోవచ్చు. పిల్లలు న్యూయార్క్‌లోనే ఉంటే ఈ లెక్క తిరగబడుతుంది. అందుకని పక్కింటావిడ ఎలా వెళ్ళిందని కాదు, మన పిల్లలు ఏ ఊళ్ళో ఉన్నారని చూసుకోవాలి. ఇంకోమాట. 'డైరెక్ట్' అని రాసి ఉంటే నాన్‌స్టాప్ అనుకోకండి. నంబరు మారకుండా మధ్యలో ఓచోట దిగి లేచేదాన్నీ డైరెక్టనే అంటారు.

ఆగదనుకున్నదీ ఆగొచ్చు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలం మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే విమానాలు కొన్ని చుట్టు తిరిగి వియన్నాలో ఇంధనం పోయించుకుని వెళ్ళాయి. గల్ఫ్ దారి మాత్రం భద్రమా అంటే, అదే ఏడాది జూన్ 23న ఖతార్ ఆకాశాన్ని కొన్ని గంటలు మూసేస్తే ఎంతమంది ఎక్కడెక్కడ చిక్కుకున్నారో! ఇలాంటప్పుడు చేతిలో ఉన్నది ఒకే టికెట్టా, రెండు ముక్కలా అన్నదే ఆ మనిషికి దిక్కు.

ఇక వొంటి సంగతి. నాలుగ్గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుందంటారు డాక్టర్లు. పదిహేను గంటల ప్రయాణంలో మన పెద్దవాళ్ళేం చేస్తారు? పక్కవాళ్ళని లేపడం మొహమాటమని కిటికీ పక్కన ముడుచుకుని కూర్చుంటారు. అందుకే నడవ పక్క సీటు అడగాలి. వీల్‌చెయిర్‌కి డబ్బు కట్టక్కర్లేదు, టికెట్టు కొన్నప్పుడే చెప్పాలి. మా అమ్మ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతుంది గానీ, "కాళ్ళున్నదాన్ని, నాకు కుర్చీ ఏమిటే" అంటుంది. ఒప్పించడానికి రెండ్రోజులు పట్టింది.

ఇంత చర్చా జరుగుతుంటే నాకు హఠాత్తుగా తట్టింది, వెళ్ళాల్సిన మనిషిని ఎవరమూ అడగలేదని! చెల్లెలు చవక చూసింది, మావారు గొప్ప చూశారు, నేను లెక్కలు చూశాను. ఆవిడ వెళ్ళేది షికారుకి కాదు. ఆర్నెల్లు పత్యం వండి, పసిబిడ్డకి నీళ్ళుపోసి, అంట్లు కడిగి రావడానికి. ఆ పనికి మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుందో మా చెల్లెల్నే అడిగాను. ఫోన్లో కాసేపు మాటలేదు.

అమ్మనడిగితే తడుముకోకుండా చెప్పింది. "మధ్యలో దిగినా పర్లేదు, నడుం సాగుతుంది. ఉరుకులు పెట్టించకండి. తెలుగు మనిషి ఒకళ్ళు తోడుంటే చాలు."

ఒకే టికెట్టు, మధ్యలో మూడున్నర గంటల వ్యవధి. పోయినసారి కన్నా ఇరవై రెండు వేలు ఎక్కువ. గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వెళ్తున్న ఒకావిడ అదే విమానంలో దొరికారు. వాళ్ళిద్దరూ అప్పుడే ఫోన్లో ఆవకాయల దాకా వెళ్ళిపోయారు.

నిన్న అమ్మ సంచిలో కారప్పూస పొట్లంతోబాటు ఖాళీ స్టీలు సీసా కూడా పెట్టాను. తనిఖీ దాటాక నింపుకోమన్నాను.

"తాగితే లేవాలిగా" అంది.

"లేవడానికేనమ్మా" అన్నాను.