యార్డు అంటే ఏది?
ఇంగ్లిషులో యార్డు అంటే మూడడుగుల కొలత, ఇంటి ఆవరణ, రైలు పెట్టెలు నిలిపే చోటు కూడా. గుంటూరులో మాత్రం ఉత్తినే యార్డు అంటే మిర్చి యార్డే. ‘యార్డుకు సెలవు’ అంటే ఆ రోజు సరుకు కొనుగోళ్లు ఉండవు. ‘యార్డు చైర్మన్’ అంటే మార్కెట్ కమిటీ పదవి. అన్నిటికన్నా రైతును తాకే వాడుక ‘యార్డు ధర’. వినడానికి ఒక్కటే ధర. నిజానికి తేజ రకానికి ఒకటి, 334 రకానికి ఒకటి, రంగు చెడిన తాలుకాయకు మరీ తక్కువ. వ్యాపారి టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయలు తీసి, రంగూ తేమా చూసి రేటు కడతాడు. గరిష్ఠ ధర ఒక్కటే ప్రచారం చేస్తే, దాన్ని నమ్మి దర్శి నుంచో పర్చూరు నుంచో లారీ కట్టించుకొచ్చిన రైతుకు అన్యాయం జరుగుతుంది. యార్డు ధర అన్నప్పుడల్లా రకం, కనిష్ఠ ధర, తాలు ధర కలిపి చెప్పి తీరాలి.