అవును, పనేమీ లేకుండానే వెళ్లాం

తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. అప్పట్నుంచీ ఒక మాట చెవిన పడుతూనే ఉంది: ‘‘పనీపాటా లేకుండా బస్సులెక్కి ఊళ్లమీద పడి తిరుగుతున్నారు.’’ టీ కొట్టు దగ్గర అదే, పెళ్లి భోజనాల బంతిలో అదే. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఆ మాట కృష్ణ దాటి అటూ పోయింది. యాస మారింది, మాట మారలేదు. దీనికి సాక్ష్యంగా ఫోన్లలో తిప్పిన వీడియోల్లో ఒకటి, బస్సులో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీసుకుంటున్న ఆమెది. చూసినవాళ్లంతా నవ్వారు. ఆమె చేతుల వైపు ఎవరూ చూసినట్టు లేదు. పనిలేనితనానికి రుజువుగా పట్టుకొచ్చిన మనిషి బస్సులో కూడా వంటింటి పనే చేస్తోంది!

ఆ మాట అనేవాళ్ల మీద నాకున్న కోపం చిన్నది. దానికి మా పక్షంవాళ్లు చెప్పే జవాబు మీదే అసలు కోపం. ‘‘తిరగడమేంటండీ, కూలికి పోతున్నారు, కాలేజీకి పోతున్నారు, ఆస్పత్రికి పోతున్నారు, మిగిలిన డబ్బు పిల్లల ఫీజులకు కడుతున్నారు’’ అని వీళ్లు లెక్కలు తీస్తారు. లెక్కలు నిజమే. 2025 జులై నాటికి తెలంగాణలో ఈ ఉచిత ప్రయాణాలు 200 కోట్లు దాటాయి. వాటిలో చాలావరకు పనుల మీద చేసినవే అయ్యుంటాయి. కానీ ఈ జవాబు చెప్పినప్పుడల్లా మనం ఎదుటివాడి మొదటి షరతుకు తలూపుతున్నాం. పని ఉంటేనే ఆడమనిషి గడప దాటాలి, లేకుండా దాటితే తప్పు. ఆ సంగతిలో ఇద్దరికీ పేచీ లేదు. పేచీ అల్లా తప్పు జరిగిందా, లేదా అన్నదాని మీదే.

జరిగిందనే నేనంటాను. మేం చేశాం, మళ్లీ చేస్తాం.

మాది హనుమకొండ. మా జట్టులో రిటైరైన టీచరక్క, ఒక టైలరు, చీరల కొట్టులో పనిచేసే అమ్మాయి, నేను. ఎవరికి ఎవరం చుట్టాలం కాదు, కులం ఒకటి కాదు, ఒక వీధివాళ్లం. కొట్టు అమ్మాయికి సెలవు మంగళవారం కాబట్టి మా షికార్లన్నీ మంగళవారాలే. అలా ఒక మంగళవారం రామప్పకు బయల్దేరాం. కండక్టరు ఆధార్ కార్డులు చూసి సున్నా రూపాయల టికెట్లు చేతిలో పెడుతుంటే, ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి, ‘‘ఏం పని మీద పోతున్రమ్మా?’’ అనడిగాడు. మంచిగానే అడిగాడు, అందులో ఎత్తిపొడుపేమీ లేదు. ‘‘ఏం పని లేదన్నా, గుడి చూసొద్దామని’’ అంది టీచరక్క. ‘‘మొక్కున్నదా?’’ ‘‘లేదు.’’ ఆయన కాసేపు ఆలోచించి, ‘‘శివరాత్రి గూడ కాదాయె’’ అన్నాడు. దిగేదాకా ఆయనకు మా సంగతి అంతుపట్టలేదు.

జంగాలపల్లి క్రాస్ రోడ్డులో దిగి ఆటో మాట్లాడుకుని పాలంపేట చేరాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన గుడి. నీళ్లలో తేలే ఇటుకల గురించి, ఇసుక పునాది గురించి ఎవరో ఎవరికో వివరిస్తున్నారు. మా టైలరు అవేవీ వినలేదు. చూరు కింద వాలి నిలబడ్డ నల్లరాతి మదనికల్ని ఒక్కొక్కదాన్నే మెడ నొప్పెట్టేలా చూస్తూ నడిచింది. వాటిలో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. ‘‘ఎనిమిది వందల ఏళ్ల కిందటనా? మొన్న నేను కొన్న జతకు గూడ ఇదే మడమ’’ అని ఆగి, ఇంకో బొమ్మ నడుము దగ్గర బట్ట మడతల్ని వేలితో గాల్లోనే కొలిచింది. ‘‘ఈ కుచ్చిళ్లు చూడక్కా, ఒకదానికొకటి ఎంత సమానంగ ఉన్నయో. నా మిషన్ మీద బట్టకే ఇట్ల రావు, ఈయన రాయికి ఎట్ల తెచ్చిండు?’’ ఆ గుడి మీద నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఈ ప్రశ్న లేదు. పురావస్తు శాఖ వాళ్లు ఒకసారి టైలర్లను పిలిచి గుళ్లు చూపిస్తే బాగుండు.

తర్వాత చెరువు కట్ట మీద పులిహోర తిన్నాం, మక్క గారెలు తిన్నాం. టీచరక్క చెట్టుకింద దుప్పటి పరుచుకుని, కొంగు మొహం మీద కప్పుకుని నిద్రపోయింది. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది. బస్టాండు అరుగు మీద, రైల్వే ప్లాట్‌ఫారం మీద, పార్కు బెంచీ మీద, ఆపి ఉంచిన ఆటో వెనక సీట్లో, మగవాళ్లు పట్టపగలు నిద్రపోవడం రోజూ చూస్తాం. ఆడమనిషి ఇంటి బయట, వెలుగులో, హాయిగా కాళ్లు చాపుకుని నిద్రపోవడం ఎక్కడైనా చూశారా? చూస్తే, ఆమెకు ఒంట్లో బాగాలేదేమో అనుకుని ఉంటారు.

మగవాళ్ల తీరిక మన కళ్లకు ఆనదు. ఊళ్లో రచ్చబండ వాళ్లది, పట్నంలో టీ కొట్టు ముందు నిలిపిన బండి సీటు వాళ్లది, ఆదివారం గ్రౌండు వాళ్లది, రాత్రి పదింటి పాన్ డబ్బా వాళ్లది. గంటలు గంటలు ఏ పనీ లేకుండా నిలబడతారు. వాళ్ల తిరుగుళ్ల మీద సినిమాలు తీస్తే మనం మళ్లీ మళ్లీ చూస్తాం. 2018లో వచ్చిన ‘ఈ నగరానికి ఏమైంది’లో నలుగురు కుర్రాళ్లు తాగి తాగి తెల్లారేసరికి గోవాలో తేలితే హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. అదే కథలో నలుగురు ఆడపిల్లల్ని పెట్టి చూడండి. అరగంటలో పోలీసులు వస్తారు, ఇంటర్వెల్‌కు ఒకరికి పెళ్లయిపోతుంది.

ఆడవాళ్లు అసలు ఎప్పుడూ జట్టుగా తిరగలేదని కాదు. తిరిగారు, కాకపోతే ప్రతిసారీ దేవుణ్నో దేవతనో ముందు నడిపించుకుని తిరిగారు. అట్లతద్దికి చీకటితో లేచి, చద్దన్నం తిని, వీధుల్లో ఆడి, ఊయలలూగడానికి కావలసిన సాకు మంచి మొగుడు. బతుకమ్మ తొమ్మిది రోజులూ వాకిళ్లు తమవి చేసుకోవడానికి గౌరమ్మ. కార్తీకంలో ఉసిరిచెట్టు, శ్రావణంలో పేరంటం, రెండేళ్లకోసారి మేడారం. భక్తి లేదనడం లేదు. కానీ ఆ పూజల్లో సగం సేపు జరిగేది కబుర్లేనని చేసినవాళ్లందరికీ తెలుసు. మా అమ్మమ్మల తరం ఇంత తెలివిగా సెలవులు సంపాదించుకుంది. ఇప్పుడు ఫ్రీ బస్సు వచ్చాక వేములవాడలో, యాదగిరిగుట్టలో ఆడవాళ్ల రద్దీ పెరిగిందని వింటున్నప్పుడు నాకో అనుమానం. పెరిగిందంతా భక్తేనా? ఇంట్లో చెప్పి బయటపడటానికి గుడి కంటే సులువైన చిరునామా లేకపోవడం వల్ల కూడానా? మా కొట్టు అమ్మాయి రామప్పకు వస్తూ ఇంట్లో చెప్పింది కూడా ‘శివుడి దర్శనం’ అనే.

అసలు ఆ సాకు ఎందుకు కావాలి? జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ఉంది. దేశంలో జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 88 నిమిషాలు. ఇందులోనూ ఒక తిరకాసుంది. ఆ 88 నిమిషాలు ఇంటిపనిలో ఎంతోకొంత చెయ్యి పెట్టిన మగవాళ్ల సగటు. చీపురు ముట్టనివాళ్లు ఆ సగటులోకే రారు. పొద్దున మా నలుగురి ఇళ్లలో వంటలయ్యాయి, గిన్నెలు తోమడమయింది, సాయంత్రానికి పప్పు కూడా చేసిపెట్టడమయింది, ఆ తర్వాతే బస్సెక్కాం. ‘పని లేకుండా’ అని మమ్మల్ని అనేవాళ్లు ఆ ఉదయాన్ని లెక్కలోంచి తీసేస్తున్నారు. నిజానికి ఈ వాదన కూడా నాకంత ఇష్టం లేదు. పని పూర్తిచేసుకున్నాం కనక షికారుకు అర్హులమని చెప్పుకోవడం మళ్లీ హాజరు పట్టీలో సంతకం పెట్టడమే. వంట చెయ్యకుండా వచ్చినా మాది తప్పు కాదు.

ఇక డబ్బు. ‘‘మా పన్నులతో మీకు షికార్లా?’’ ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఆడవాళ్లు కొనే సబ్బు మీదా, పెట్రోలు మీదా పన్నులు ఉండవనుకుంటారో ఏమో. అదలా ఉంచుదాం. మా ఊళ్లో భద్రకాళి బండ్ ఉంది, ప్రభుత్వ డబ్బుతోనే తీర్చిదిద్దారు. హైదరాబాదులో నెక్లెస్ రోడ్డుంది, విశాఖలో ఆర్కే బీచి ఉంది. సాయంత్రం అక్కడ గాలి పీలుస్తున్న మగవాణ్ని ఆపి ‘‘ఏం పని మీద వచ్చావు బాబూ’’ అని ఎవరూ అడగరు. జనం సేదతీరడం కోసం సర్కారు ఖర్చు పెట్టడం కొత్త కాదు. కొత్తల్లా పల్లెవెలుగులో వెళ్లే ఆడమనిషి ఆ ఖర్చులో భాగం అడగడమే.

పల్లెవెలుగు అని ఊరికే అనలేదు. శనివారం పొద్దున హైదరాబాదు నుంచి అనంతగిరి కొండలకు కార్లు బారులు తీరతాయి. వాటిలో ఉద్యోగాలు చేసే ఆడపిల్లలూ జట్లుజట్లుగా వెళ్తారు, వెళ్లాలి కూడా. వాళ్లను చూసి ముచ్చటపడే పెద్దమనుషులే స్టీలు టిఫిన్ డబ్బాతో బస్సెక్కిన కూలి మనిషిని చూసి ‘దేశం ఏమైపోతోంది’ అంటారు. తీరిక ఎవరికి తగును, ఎవరికి తగదు అన్న తీర్పు ఇది. ఆడదనే కాదు, డబ్బు లేనిదని కూడా ఈ కోపం.

ఎదుటివాళ్లు చెప్పేవాటిలో కొట్టిపారెయ్యలేనివి ఉన్నాయి. బస్సుల్లో రద్దీ నిజం. కాలేజీ పిల్లలు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న మాట నిజం, టికెట్ కొన్న ముసలాయన నిలబడాల్సి రావడం నిజం. దానికి మందు బస్సులు పెంచడం. ప్రయాణించేవాళ్ల సంఖ్య ఇంతగా పెరిగి బస్సులు ఆ లెక్కన పెరగకపోతే, సీటు దగ్గర తగవు పడేది ప్రయాణికులే, పెంచనివాళ్లు ఆ బస్సులో ఉండరు. ఆటోవాళ్ల సంగతి ఇంకా కష్టం. బస్సు తిరిగే దారిలోనే ఆటో నడుపుకునేవాడి రాబడి పడిపోయింది, అప్పు తెచ్చి కొన్న బండి వాయిదాలు ఆగలేదు. ఇందులో దబాయింపుకు చోటు లేదు. ఆంధ్ర ప్రభుత్వం 2025 అక్టోబరులో డ్రైవర్లకు 15 వేల రూపాయల చొప్పున ఇచ్చింది. అది సరిపోతుందా అన్నది న్యాయంగా అడగాల్సిన ప్రశ్న, కాకపోతే అడగాల్సింది ప్రభుత్వాన్ని. మాకు జంగాలపల్లి దగ్గర దొరికిన ఆటో అతను మాత్రం, బస్సు వెళ్లని లోపలి దారుల్లో ఆడవాళ్ల బేరాలు ఈమధ్య తగులుతున్నాయనే చెప్పాడు. ఒక్క మనిషి మాట, దీంతో నేనేమీ తేల్చను.

‘‘రోజులు బాగాలేవు, ఆడవాళ్లు ఊరికే తిరగడం క్షేమం కాదు’’ అనే మాట ప్రేమతో వస్తుంది. అందుకే దాన్ని ఎదుర్కోవడం కష్టం. ముంబై ఆడవాళ్ల మీద పరిశోధన చేసి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో ‘వై లోయిటర్?’ అనే పుస్తకం రాశారు. ఏ కారణం చూపకుండా ఊళ్లో తచ్చాడే హక్కు ఆడవాళ్లకూ కావాలన్నది వాళ్ల వాదన. నాకు అంత సిద్ధాంతం అక్కర్లేకపోయింది. ఆడవాళ్లతో నిండిన సాయంత్రం ములుగు బస్సెక్కితే చాలు. అందులో ఏ మగవాడైనా మోచెయ్యి కాస్త అటు జరపడానికి కూడా జంకుతాడు. ఖాళీ రోడ్డు మీద ఒంటరి ఆడపిల్లకు ఉండే భయం, మిగతా ఆడవాళ్లంతా ఇళ్లలో భద్రంగా ఉన్నందువల్ల పెరిగిన భయమే.

కాబట్టి తిరగొచ్చా లేదా అనే చర్చలో నాకిక ఆసక్తి లేదు. ఆర్టీసీతో తేల్చుకోవలసిన సంగతులు వేరే ఉన్నాయి. వేళలన్నీ ఆఫీసులకు, కాలేజీలకు కుదిరేలా వేశారు, పొద్దున అటు, సాయంత్రం ఇటు. మధ్యాహ్నం రెండింటికి బయల్దేరి ఏడింటికి ఇల్లు చేరాలనుకునే మనిషి ఆ టైమ్ టేబుల్ వేసినవాళ్ల ఊహలో లేదు. చెరువు మీద సూర్యుడు వాలేవేళకు మేం తిరుగు బస్సు తప్పిపోతుందని డబ్బాలు సర్దుకుని పరిగెత్తాల్సి వచ్చింది. ఇక మూత్రశాలలు. బస్టాండులో ఉన్నవాటికి తాళం, తాళం లేనివాటికి నీళ్లుండవు. పొద్దుట్నుంచి టీచరక్క గుక్కెడు మంచినీళ్లు తాగలేదు, ఎందుకని అడిగితే ‘‘యాడికి పోవాలె మరి?’’ అంది. షుగరున్న మనిషి. వచ్చే నెల లక్నవరం వెళ్దామంటే ఆమె అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే, రెండోది ఆఖరి బస్సు ఎన్నింటికని.