మదనీ మాటలు వేరే, కోయంబత్తూరు కోర్టు తీర్పు వేరే



ఈ వారం మన గ్రూపులో ఒక పోస్టు తిరుగుతా ఉంది. కేరళ మతగురువు అబ్దుల్ నాసర్ మదనీ ఫోటో వేసి, కింద "కోయంబత్తూరు బాంబు కేసులో శిక్ష పడినవాడు" అని రాసినారు. దానికి బదులుగా ఇంకొకరు ఆయన్ని మహాత్ముడిగా చేసి మరో పోస్టు పెట్టినారు. నా లెక్కలో రెండూ సరి కాదు. మొదటిది కోర్టు తీర్పును దాచింది. రెండోది ఆ మనిషి ఆడిన మాటల్ని దాచింది. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నవే. భాష మోటుగా ఉంటే సర్దుకోండి, విషయం మాత్రం చివరిదాకా చదవండి.

మదనీది కొల్లం జిల్లా, శాస్తాంకోట పక్కన ఊరు. మతపాఠం చదివి, చిన్న వయసులోనే పెద్ద ఉపన్యాసకుడని పేరు తెచ్చుకున్నాడు. ఆ కాలంలో ఆయన ప్రసంగాల క్యాసెట్లు కేరళ అంతా తిరిగినాయి. 1990 ప్రాంతంలో ఇస్లామిక్ సేవక్ సంఘ్ అని ఒకటి మొదలుపెట్టినాడు. పేరు వింటేనే ఆరెస్సెస్‌కు పోటీగా పెట్టిందని తెలుస్తుంది. 1992 ఆగస్టులో ఆయన మీద బాంబు దాడి జరిగి కుడి కాలు పోయింది. అదే ఏడు డిసెంబరులో బాబ్రీ మసీదు కూలింది, కేంద్రం కొన్ని సంస్థల్ని నిషేధించింది, అందులో ఈయన సంస్థ కూడా ఉంది. 1993లో పిడిపి అనే పార్టీ పెట్టినాడు. ముస్లింలు, దళితులు, వెనుకబడినవాళ్ళు కలిసి అధికారం పట్టాలి అనేది దాని మాట.

ఈ చివరి మాటలో తప్పేమీ లేదు. ఓటు అడిగే హక్కు అందరికీ ఉంది. నాకు ఒప్పనిది దానికి ముందుది. భయపడి ఉన్న జనం ముందు నిలబడి, "మనల్ని మనమే కాచుకోవాలి, మనకూ ఒక సేన కావాలి" అనే ధోరణిలో మాట్లాడితే, ఆ జనానికి ఏం నేర్పినట్టు? పోలీసు నీది కాదు, చట్టం నీది కాదు అని నేర్పినట్టే. చెప్పినవాడు తర్వాత పార్టీ మార్చుకోవచ్చు, స్వరం తగ్గించుకోవచ్చు. విన్న పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు ఎక్కడికి పోతాడో ఎవరికి తెలుసు? ఈ మాట ముస్లిం గురువుకు మాత్రమే కాదు, కాషాయం కట్టినవాళ్ళకూ, మన కులం పేరు చెప్పి మైకు పట్టేవాళ్ళకూ వర్తిస్తుంది.

ఇప్పుడు కోయంబత్తూరుకు వద్దాము. 1997 నవంబరు 29న సెల్వరాజ్ అనే ట్రాఫిక్ కానిస్టేబులును చంపినారు. ఆ వెనకే జరిగిన అల్లర్లలో, పోలీసు కాల్పుల్లో 18 మంది ముస్లింలు చచ్చిపోయినారు, అంగళ్ళు కాలిపోయినాయి. వారం తిరగకుండా డిసెంబరు 6న మూడు రైళ్ళలో బాంబులు పేలినాయి. అందులో పాండియన్ ఎక్స్‌ప్రెస్ మన మదురై బండి. రైల్వేలో పని చేసినవాళ్ళం ఆ తర్వాత చాలా కాలం సీటు కింద ప్రతి మూటనూ అనుమానంగానే చూసినాము. 1998 ఫిబ్రవరి 14న అద్వానీ ఎన్నికల సభకు వచ్చే రోజు కోయంబత్తూరులో వరసగా బాంబులు పేలి 58 మంది పోయినారు, 200 మందికి పైగా గాయపడినారు. చేయించింది అల్-ఉమ్మా, దాని నాయకుడు బాషా. ఈ 58 మందిని మరిచి మదనీ గురించి ఎవరు మాట్లాడినా ఆ మాటకు విలువ లేదు.

1998 మార్చి 31న మదనీని కొచ్చిలో పట్టుకున్నారు. మొదట పట్టుకున్నది కోళికోడులో ఎప్పుడో చేసిన ఒక ప్రసంగం కేసులో. తర్వాత తమిళనాడు పోలీసులకు అప్పగించినారు. ఇక్కడ పెట్టింది బాంబుల కుట్ర కేసు. బెయిలు అడిగినాడు, రాలేదు. మళ్ళీ మళ్ళీ అడిగినాడు, రాలేదు. ఒక కాలు లేని మనిషి, ఒంట్లో జబ్బులతో, కోయంబత్తూరు జైల్లో తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు ఉన్నాడు. 2006 మార్చిలో కేరళ అసెంబ్లీ, పాలకపక్షం ప్రతిపక్షం అని లేకుండా, ఆయన్ని వదలమని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. 2007 ఆగస్టు 1న ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది. నిందితులు 166 మంది. 158 మంది దోషులు. 8 మంది నిర్దోషులు. ఆ 8 మందిలో మదనీ ఒకడు.

ఈ లెక్కను నిదానంగా చూడండి. ఇది ముస్లింలను మెత్తగా చూసిన కోర్టు కాదు. 166 మందిలో 158 మందిని దోషులన్న కోర్టు. అంత గట్టి కోర్టే ఈయన మీద నేరం రుజువు కాలేదని చెప్పింది. అయినా ఇన్నేళ్ళ తర్వాత కూడా మన గ్రూపులో ఆయన "శిక్ష పడినవాడు" అయినాడు. శిక్ష పడలేదు. శిక్ష పడకుండానే అనుభవించినాడు, అది వేరే మాట.

ఇక్కడ ఇంకో నష్టం కూడా ఉంది. తొమ్మిదేళ్ళు ఒకడిని లోపల పెట్టి చివరికి రుజువు చేయలేకపోతే, బయట ఉన్న వాడి మనుషులు ఊరికే ఉండరు. 2005 సెప్టెంబరులో ఆయన్ని వదలమని చెప్పి కొందరు కలమశ్శేరి దగ్గర మన తమిళనాడు సర్కారు బస్సును పట్టుకొని, ప్రయాణికుల్ని దించి, తగలబెట్టినారు. అది నేరమే, కోర్టు దానికి శిక్ష కూడా వేసింది. కానీ కేసు త్వరగా నడిచి ఉంటే ఆ మంటకు కట్టె దొరికి ఉండేదా? విడుదలైనాక మదనీ తన పాత ప్రసంగాల దూకుడుకు విచారం చెప్పినాడు. మూడేళ్ళకు, 2010 ఆగస్టులో, బెంగళూరు పేలుళ్ళ కేసులో మళ్ళీ లోపలికి పోయినాడు. 2014లో సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చినా బెంగళూరు దాటకూడదని షరతు. సొంత ఊరిలో ఉండడానికి అనుమతి 2023 జూలైలో వచ్చింది. అప్పటికీ ఆ కేసులో తీర్పు రాలేదు. తప్పు చేసినాడా, చెయ్యలేదా? పదమూడేళ్ళకూ చెప్పలేని వ్యవస్థను చూసి, చచ్చిపోయినవాళ్ళ ఇంటివాళ్ళు ఏమనుకోవాలి?

"మనకెందుకు ఈ గొడవ" అంటారు కొందరు. ఎందుకో చెబుతాను. 2024 నవంబరు 3న చెన్నైలో నటి కస్తూరి మన తెలుగువాళ్ళ మీద ఏం మాట్లాడిందో అందరికీ గుర్తుంది. అంతఃపురంలో ఊడిగం చేయడానికి వచ్చినవాళ్ళమంట. నాలుగు వందల ఏళ్ళకు పైగా ఈ మట్టిలో ఉండి, ఇక్కడి భాషలోనే చదువుకొని, ఇంకా "వందేరి" అనిపించుకునే మనకు అది ఎంత నొచ్చిందో నాకూ తెలుసు. ఆమె విచారం చెప్పింది, మదురై హైకోర్టు బెంచి ముందస్తు బెయిలు ఇవ్వలేదు, హైదరాబాదులో అరెస్టు చేసినారు, నాలుగు రోజుల్లో బెయిలు వచ్చింది. అప్పుడు మనలో కొందరు "ఏళ్ళ తరబడి లోపలే ఉంచాలి" అన్నారు. నేను అప్పుడూ వద్దన్నాను. మాటకు చట్టం ఎంత శిక్ష చెప్పిందో అంతే. ఎక్కువ కోరితే, రేపు మన కుర్రవాడు ఎవడైనా వేదిక మీద నోరు జారినప్పుడు ఏ ముఖం పెట్టుకొని న్యాయం అడుగుతాము?

గోరిపాళెయం దర్గాలో ఒక శిలాశాసనం ఉంది. దర్గా భూముల మీద తగవు వస్తే, 1573లో వీరప్ప నాయకుడు పాత దానం సంగతి విచారించి, పాండ్య రాజు ఇచ్చింది చెల్లుతుందని నిర్ణయించినట్టు అందులో ఉంది. మన నాయకరాజులని గుండె మీద చెయ్యి పెట్టి చెప్పుకుంటామే, వాళ్ళు చూసింది ఎదుటివాడి మతం కాదు, దాఖలా. నేను గుమాస్తా పని చేసినవాణ్ణి. సాయంత్రం లెక్క మూసేటప్పుడు తేడా వస్తే ఏ చీటీలో వచ్చిందో వెతుకుతాము. ముఖం నచ్చనివాడి పద్దులో రాసి ఇంటికి పోము.

అందుకే సంఘానికి నా విన్నపం రెండు మాటలు. "శిక్ష పడినవాడు" అనే పోస్టును అడ్మిన్లు తీసేయండి, అది అబద్ధం. "మహాత్ముడు" అనే పోస్టు పెట్టిన తమ్ముడు ఆ పాత ప్రసంగాల సంగతి కూడా రాయాలి. మదనీ మాటల్ని ఎదిరించండి, నేనూ తోడు వస్తాను. ఆయన చేసినాడని రుజువు కాని నేరాన్ని మాత్రం ఆయన తల మీద పెట్టవద్దు. చచ్చిపోయిన 58 మందికి మనం ఇవ్వగలిగిన మర్యాద, వాళ్ళ పేరు చెప్పి అబద్ధం ఆడకుండా ఉండడమే.

ఒప్పనివాళ్ళు కింద రాయండి. తిట్టకుండా రాస్తే తప్పక బదులు ఇస్తాను.