గ్యాస్ పోయేదాకా నోరు కట్టేయాలా?

మా చెల్లెలికి పెద్దాపరేషన్ అయింది ఉదయం తొమ్మిదింటికి. మత్తు వెన్నులోనే ఇచ్చారు. మెలకువగానే ఉంది, బిడ్డ తొలి ఏడుపు తన చెవులతో విన్నది. అయినా మర్నాడు డాక్టరమ్మ రౌండ్స్‌కి వచ్చేదాకా చుక్క నీళ్లు తాగనివ్వలేదు. మా అమ్మ తడిబట్ట పెదాలకు అద్దుతూ కూర్చుంది. నర్సు వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "గ్యాస్ పోయిందామ్మా?" లేదంటే సెలైన్ మార్చి వెళ్లిపోయేది. పక్క మంచం మీది బాలింత చూసి చూసి చెప్పింది: "పోయిందని చెప్పక్కా, నేనూ అట్లనే చెప్పిన." పాలివ్వాల్సిన తల్లి గుక్కెడు నీళ్ల కోసం అబద్ధమాడాల్సి రావడం నాకిప్పటికీ మింగుడుపడదు.

ఈ కట్టడికి ఒకప్పుడు కారణం ఉండేది. పూర్తి మత్తు ఇచ్చిన మనిషికి వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం. పేగు కోసి కుట్టిన వాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. ఆ జాగ్రత్తనే తెచ్చి బాలింతకు తగిలించారు. సిజేరియన్‌లో కోసేది పొట్టగోడను, గర్భసంచిని, పేగును కాదు. అది కాసేపు మందగిస్తుంది, అంతే. చిన్నపేగు కొద్ది గంటల్లోనే కదలడం మొదలుపెడుతుంది. పెద్దపేగుకే ఒకటి రెండు రోజులు ఎక్కువ పట్టొచ్చు. గ్యాస్ పోవాల్సింది ఆ పెద్దపేగులోంచే. ఇంట్లో అందరికంటే ఆలస్యంగా లేచేవాడి కోసం ఇల్లంతా పస్తుండాలనడమే ఇది.

అసలు పేగును లేపేదే తిండి. నమిలి మింగుతుంటే మెదడు నుంచి నరాల గుండా పేగుకు కబురు అందుతుంది. సిజేరియన్ తర్వాత చూయింగ్ గమ్ నమిలిన తల్లులకు సగటున 7 గంటలు ముందుగా గ్యాస్ పోయిందని 2016లో కాక్రేన్ సమీక్ష లెక్కగట్టింది. ఆ ఆధారం ఏమంత గట్టిది కాదని కూడా వాళ్లే చెప్పారు. నా వాదన గమ్ గురించి కాదు. త్వరగా అన్నం పెడితే దాని అవసరమే ఉండకపోవచ్చు. ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకోవడంపై ఈరాస్ సొసైటీ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, సిజేరియన్ అయిన 2 గంటల్లోపే మామూలు ఆహారం ఇవ్వమని ఉంది. మన దగ్గర గ్యాస్ పోతే గానీ తిండి పెట్టరు, తిండి పడితే గానీ గ్యాస్ త్వరగా పోదు.

ఇది ఏ కొద్దిమంది గొడవో కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే.

ఆసుపత్రి వదిలితే ఇంట్లో పథ్యం పట్టుకుంటుంది. నీళ్లు ఎక్కువ తాగితే ఒళ్లు నీరు పడుతుందంటారు, పప్పు తింటే కుట్లు చీము పడతాయంటారు, పచ్చి ఒళ్లు కనుక మంచం దిగొద్దంటారు. కారప్పొడి, నెయ్యి, పాత బియ్యం అన్నం. ఇచ్చేవాళ్ల ప్రేమను నేను శంకించను. కానీ రోజూ ఐరన్ మాత్ర వేసుకుంటూ నీళ్లు, కూరలు, పండ్లు లేకుండా, కదలకుండా పడుకున్న తల్లికి విరేచనం ఎలా అవుతుంది? మూడో రోజు ముక్కుతూ, కుట్లు ఎక్కడ తెగుతాయోనని కడుపు పట్టుకుని ఏడ్చే పిల్లను చూసినవాళ్లు మళ్లీ ఆ పథ్యం పెట్టరు.

అందరికీ ఒకే లెక్క అనను. ఆపరేషన్‌లో పేగుకు దెబ్బ తగిలినా, వాంతులు ఆగకపోయినా, పొట్ట ఉబ్బి గట్టిపడుతున్నా తిండి ఆపి వెంటనే డాక్టరును పిలవాలి. అది ఒకరి ఒంటిని చూసి తీసుకునే నిర్ణయం. వార్డు మొత్తానికి ఒకటే తాళం వేయడం వేరు.

మీ ఇంట్లో ఎవరికైనా సిజేరియన్ తేదీ ఖాయమైతే, ఆ ముందురోజే డాక్టరును రెండు మాటలు అడగండి: నీళ్లు ఎన్ని గంటలకు ఇవ్వొచ్చు, ఎప్పుడు లేపి నడిపించొచ్చు? గ్యాస్ పోయాకే అని జవాబొస్తే, ఎందుకని కూడా అడగండి.